తల లేని చీమలబారు

కరెంటు లేని తీగ రవికిరణ్‌ని చంపేసింది.

రెడ్డిగూడెం అవతల, కొండ వారన మామిడి తోట. మిట్టమధ్యాహ్నం. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైను ఆపించుకున్నది అతనే. ఆగిందా అని రెండోసారి అడిగి మరీ ఖాయం చేసుకున్నాడు. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కి తీగ మీద చెయ్యి వేశాడు. తోట కాపలా మనిషి వచ్చి చూసేసరికి చెయ్యి ఇంకా తీగ మీదే ఉంది. ప్రాణం లేదు.

పోలీసులు ప్రమాదం అన్నారు. పేపరు వాళ్ళు నిర్లక్ష్యం అన్నారు. చచ్చినవాడి మీద నిర్లక్ష్యం రాయడానికి ఈ దేశంలో ఎవడి అనుమతీ అక్కర్లేదు.

ఆ శవం ఫోటో ఇప్పుడు బెజవాడలో, ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వెనక గదిలో, రాజ్యలక్ష్మి చేతిలో ఉంది. బయట బోర్డు మీద లారీ బుకింగ్. లోపల దేశ భద్రత. ఇంట్లో వాళ్ళకి ఆమె కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. డిపార్టుమెంటు రికార్డులో గోరింక.

"ఎవరు చంపారు సార్?"

చీఫ్ అరవింద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడు వార్త చెప్పే ముందు ఆయనకి అద్దాలు తుడుచుకోవడం అలవాటు.

"అదే సమస్య. ఎవరూ చంపలేదు."

టేబుల్ మీద ఒక బూడిదరంగు పెట్టె పెట్టాడు. అన్నం డబ్బా అంత ఉంది. ముందు ఒక పచ్చ లైటు.

"నూజివీడు, రెడ్డిగూడెం, విస్సన్నపేట. ఈ బెల్టులో సోలార్ పంపుసెట్ ఉన్న ప్రతి తోటలోనూ స్టార్టర్ పక్కన ఇది ఉంటుంది. లోపల ఒక సాఫ్ట్‌వేర్ ఏజెంట్. రాసింది రవికిరణ్. దానికి చీమ అని పేరు పెట్టాడు."

"చీమా?"

"చీమకి బాసు ఉండడు కదా. ఒక తోటలో ఎండ మిగిలిందనుకోండి, ఆ పెట్టె పక్క పెట్టెకి ఒక గుర్తు వదులుతుంది. వాసనలాగా. నా దగ్గర కరెంటుంది, రా అని. నీళ్ళు కావాల్సిన మోటారు ఆ వాసన పట్టుకుని తెచ్చుకుంటుంది. ఎక్కువ చీమలు నడిచిన బాట గట్టిపడుతుంది. ఎవరూ నడవని బాట ఆరిపోతుంది. సర్వర్ లేదు. కంట్రోల్ రూం లేదు. ఉన్న ఎండని వాటిలో అవే పంచుకుంటాయి."

"మంచిదే కదండీ."

"మంచిదే. అందుకే కొన్నారు."

ఫైలు తెరిచాడు. పెట్టెలు తయారుచేసే కంపెనీని ఒక కంపెనీ కొన్నది. దాన్ని ఇంకో కంపెనీ. ఆఖర్న ఒక దేశం. ఆ దేశం పేరు నల్ల సిరాతో కొట్టేసి ఉంది. రాజ్యలక్ష్మి దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. కనపడలేదు. అడిగినా చెప్పరని తెలుసు.

"పోయిన నెల్లో ఒక అప్‌డేట్ వచ్చింది," అన్నాడు చీఫ్. "మామూలుగా లైను చస్తే సోలార్ కూడా ఆగిపోవాలి. అది రూలు. ఈ అప్‌డేట్ తర్వాత, లైను చచ్చినప్పుడు చీమలన్నీ కలిసి దాన్ని బతికిస్తాయి. ఒక్క పెట్టె అయితే తన తోట ముందు తీగ వరకే. వందల పెట్టెలు ఒకేసారి తోస్తే, తోటల్లోని కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లలోంచి వెనక్కెళ్ళి పై తీగల్లోకి ఎక్కుతుంది. పదకొండు వేల వోల్టులు. రవికిరణ్‌కి అనుమానం వచ్చింది. చెక్ చేద్దామని వెళ్ళాడు."

"మళ్ళీ లైను ఎప్పుడు ఆపుతున్నారు?"

"రేపు. వేసవి మెయింటెనెన్స్. విస్సన్నపేట వైపు ఫీడరంతా, అంటే ఆ తోటలన్నిటికీ వెళ్ళే తీగంతా ఆపేసి, లైన్ క్లియర్ ఇస్తారు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా మనుషులు స్తంభాల మీదే ఉంటారు. ఆ దేశానికిది రిహార్సల్. ఇక్కడ పనిచేస్తే, రేపేదో యుద్ధమో తుఫానో వచ్చినప్పుడు దేశంలో ఏ లైన్‌మనూ స్తంభం ఎక్కడు. కరెంటు పోతే పోయిందే."

ఫ్యాన్ తిరుగుతోంది. రాజ్యలక్ష్మి ఒంటికి గాలి తగలడం లేదు.

నిజానికి దీనికి విరుగుడు తాతల కాలం నుంచీ ఉంది. లైను ఆపాక మూడు తీగలకీ ఎర్త్ రాడ్డు తగిలించి భూమిలోకి కలిపితే, దొంగతనంగా వచ్చిన కరెంటు నేలలోకి పోతుంది. రాడ్లున్నాయి. స్టోర్లో ఉన్నాయి. స్టోరు తాళం కాంట్రాక్టరు జేబులో ఉంది. అడిగితే మోసుకెళ్ళడం దండగ అంటాడు, ఎక్కేవాడు కూడా ఆ బరువెందుకులే అంటాడు. అవతలి దేశం వాడు మన తెలివితేటల్ని లెక్కలోకే తీసుకోలేదు. మన అలవాట్ల మీద ప్లాన్ వేశాడు.

"మెయింటెనెన్స్ ఆపించండి సార్."

"ఆపితే మనకి తెలిసిపోయిందని వాళ్ళకి తెలుస్తుంది. ఇక్కడ మానేసి ఇంకోచోట చేస్తారు."

"ఎక్కేవాళ్ళకి చెబుతామా?"

"చెప్పం."

"మా తమ్ముడు..."

"నవీన్. కాంట్రాక్టు హెల్పర్. ఆ ఫీడర్ మీదే డ్యూటీ." చీఫ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "తెలుసు. అందుకే మిమ్మల్ని పిలిచాను. మీరు ఫెయిల్ కారు."

కొన్ని మాటలకి చెంపదెబ్బే జవాబు. జీతగాళ్ళకి ఆ జవాబు చెప్పే వీలుండదు.

మిషన్ సులువుగానే ఉంది, కాగితం మీద. పెట్టెల కంపెనీలో టెక్నికల్ హెడ్ సుప్రజ. రెండు వైపులా తినే మనిషి. ఆ చెడ్డ బాటని ఆరబెట్టే విరుగుడు కోడ్ తన దగ్గరుందని, ఇస్తానని కబురు పెట్టింది. తోటలో చేతికిస్తుంది. దాన్ని ఒక పెట్టెలో పెడితే చాలు. అదీ చీమే కాబట్టి, ఒకదాన్నుంచి ఒకదానికి పాకి మొత్తం శుభ్రం చేస్తుంది.

"మీ వేషం?" అన్నాడు చీఫ్.

"కాయలకి కవర్లు తొడిగే కూలీ."

"నప్పుతుందా?"

"పదహారేళ్ళ దాకా అదే చేశానండీ. మీ ఫైల్లో రాయలేదా?"

*

హనుమయ్య గారి తోటలో పొద్దున్నే పని మొదలైంది. నిచ్చెనలెక్కి ఒక్కో కాయకీ కాగితం కవరు తొడగడం, మెడ దగ్గర బిగించడం. ఎండ మాడుస్తోంది. చెట్ల మీద ఆకులు కలిపి గూళ్ళు కట్టిన ఎర్రచీమలు జాకెట్లలో దూరి కుడుతున్నాయి.

రాజ్యలక్ష్మి చేతిలో చిక్కం ఉంది. చిటారుకొమ్మ కాయని కోసే పొడుగు వెదురు కర్ర, కొసన వల, వల అంచుకి చిన్న కత్తి. అందరి చేతుల్లోనూ ఉండేదే. తేడా ఏంటంటే దీని వెదురు లోపల యాంటెన్నా ఉంది. గుడ్డ చుట్టిన పిడి కింద పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రం ఉంది. ఆమె బొడ్లో ఉన్న పగిలిన ఫోన్ ఆ యాంటెన్నా పట్టినదంతా చూపిస్తుంది. ఒక్కో పెట్టె ఒక్కో పచ్చ చుక్క. విస్సన్నపేట దాకా చుక్కలే.

"ఏమ్మాయ్, నిన్నెక్కడో చూశానే," అంది సవరమ్మ, నిచ్చెన మీంచి వంగి. చేతులు పనిలో ఉన్నాయి, కళ్ళు మాత్రం రాజ్యలక్ష్మి మొహం మీద ఉన్నాయి. "నువ్వు పెద్దిరాజు కూతురివి కదటే?"

వేషం పావుగంట కూడా నిలవలేదు.

"అవును పిన్నీ."

"బెజవాడలో పెద్ద ఉద్యోగమన్నారు?"

"తీసేశారు."

"తీసేస్తారు మరి. నీ నోరు మీ నాన్న నోరే." సవరమ్మ తృప్తిగా ఇంకో కవరు తొడిగింది. "రా, ఇక్కడెవరూ తీసెయ్యరు. పెట్టుకునేటప్పుడే సగం చంపుతారు."

పక్క నిచ్చెన మీద మగ్దలేనమ్మ కిసుక్కున నవ్వింది. "మెల్లగా అక్కా, హనుమయ్య గారు వింటారు."

"వింటే విననీ. ఆయన తోట కాబట్టి ఆయన వినాలి, నా నోరు కాబట్టి నేను అనాలి."

తోట చివర మంచె మీద తులసమ్మ నూనెడబ్బా మీద కర్రతో కొడుతోంది. డబ్ డబ్. ఆగి మళ్ళీ డబ్ డబ్. కొండ మీంచి కోతులు దిగుతున్నాయి. ఆ మోత విని అవతలి తోట కాపలావాడు తన డబ్బా అందుకున్నాడు. ఆ తర్వాత తోట. కోతుల్ని ఒకరి తోటలోంచి ఇంకొకరి తోటలోకి కాకుండా కొండకే తోలడానికి ఈ ఏర్పాటు. ఎవరూ పెట్టిన ఏర్పాటు కాదు. పక్కవాడు కొడితే నువ్వు కొట్టాలి, అంతే.

"ఆపి ఆపి కొట్టవే తులసీ," అని అరిచింది సవరమ్మ. "నిరుడు ఆపకుండా కొట్టావు, హనుమయ్య గారు అన్నం చేత్తోనే పరిగెత్తి ఫ్యూజులు పీకేశారు."

"చెయ్యి తిమ్మిరెక్కి తెలీలేదే. ఎన్నాళ్ళంటావ్ ఆ మాట?"

ఆడవాళ్ళు నవ్వారు. రాజ్యలక్ష్మి నవ్వలేదు. ఆగి ఆగి కొడితే కోతులు. ఆపకుండా కొడితే ఎవరికో కరెంటు పట్టింది. అది వింటే ఎవరికీ, ఎక్కడా అని అడగరు. ముందు నీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికెళ్ళి ఫ్యూజులు పీకు, పీకి నీ డబ్బా మోగించు, తర్వాత అడుగు. ఈ రూలు ఆమె తండ్రి పెద్దిరాజు చచ్చిపోయిన ఏడాది నుంచే ఉంది. ఆయన స్టార్టర్‌కి అతుక్కుపోయినప్పుడు జనం కరెంటు వచ్చేది అటు నుంచా ఇటు నుంచా అని వాదించుకుంటూ నిలబడ్డారు. ఆ వాదన అయ్యేసరికి ఆయన అయిపోయాడు.

పదింటికి స్టార్టర్ పక్కన మోటారు మూలిగి ఆగింది. లైన్ క్లియర్ ఇచ్చేశారు.

అంతలో తెల్ల కారు వచ్చింది.

సుప్రజ దిగితే తోటలో గాలి వాసనే మారింది. నల్ల కళ్ళద్దాలు, నలగని తెల్ల చొక్కా, చెవులకి చిన్న రాళ్ళు. మట్టి మీద నడుస్తున్నా చెప్పులకి మట్టి అంటనట్టుంది. హనుమయ్య గారు పంచె సర్దుకుంటూ ఎదురెళ్ళారు.

"పెట్టె చూసి వెళ్తానండీ, సర్వీసు," అంది సుప్రజ. "ఈ అమ్మాయిని కాస్త సాయం పంపండి."

చెట్టు చాటుకి వచ్చాక, కళ్ళద్దాలు తీయకుండానే అడిగింది.

"ఇది చిన్న రసమా?"

"పీచు తక్కువండీ," అంది రాజ్యలక్ష్మి.

"టెంక పట్టిందా?"

"ఆదివారానికి పడుతుందన్నారు."

కోడ్ సరిపోయింది. సుప్రజ వేళ్ళ మధ్య నుంచి గోరంత డ్రైవ్ ఒకటి రాజ్యలక్ష్మి అరచేతిలోకి జారింది.

"మనుషులు ఎక్కేశారు. త్వరగా పెట్టు."

"నువ్వెందుకు చేస్తున్నావ్ ఇది?"

"నాకూ నిద్ర పట్టాలిగా," అంది సుప్రజ. చక్కగా అంది. ఎక్కడో అద్దం ముందు అని చూసుకున్న మాట.

*

రాజ్యలక్ష్మి డ్రైవ్‌ని చిక్కం పిడిలో దోపి, వెదురు కొసని పెట్టె మీద ఆనించింది.

బొడ్లోంచి ఫోన్ తీసి చూసింది. హనుమయ్య గారి చుక్క పచ్చగా ఉన్నది కాస్తా పసుపైంది. ఆరిపోవాల్సింది. ఆరలేదు. పక్క తోట చుక్క పసుపైంది. దాని పక్కది. దాని పక్కవి రెండు.

బాట ఆరడం లేదు. గట్టిపడుతోంది.

తల మీద తీగ వైపు చూసింది. చచ్చిన తీగ. చెవికి కూడా సరిగ్గా అందనంత సన్నగా మూలుగుతోంది.

రవికిరణ్ చచ్చిన రోజు చీమలు ఒక్క తోట లైనునే బతికించాయి. మొత్తం ఫీడర్‌ని లేపాలంటే ఎవరో ఒకరు మొదటి వాసన వదలాలి. ఆ ఎవరో ఒకరు తనే. తమ్ముడు ఎక్కిన తీగకి తనే నిప్పు ముట్టించింది.

"గోరింకా." చెవిలో చీఫ్ గొంతు. "రికార్డింగ్ అందుతోంది. వాళ్ళ కోడ్ వేలిముద్ర, ఆ సిగ్నేచర్, క్లియర్‌గా ఉంది. ఏమీ ముట్టుకోకండి. అక్కడే ఉండండి."

"సార్, ఇది విరుగుడు కాదు. మొదలుపెట్టేది ఇదే."

అవతల టేబుల్ మీద కళ్ళజోడు పెట్టిన చప్పుడైంది.

"మీకు ముందే తెలుసా?"

"మనకి సాక్ష్యం కావాలి. ఒక్కసారి జరగనివ్వాలి. దేశానికి..."

"ఎవరి ఆర్డరు?"

"పైనుంచి."

"పైన ఎవరు?"

"రాజ్యలక్ష్మి గారూ, ప్రోటోకాల్."

ఆమె ఇయర్‌పీస్ పీకి, చేతికందిన కొమ్మ మీద ఎర్రచీమల గూట్లో పడేసింది. ఆయన ప్రోటోకాల్ అవి వింటాయి.

ఆకాశం వైపు చూసింది. సూర్యుడి మీద వేసవి మబ్బు తునక ఒకటి నిలబడి ఉంది. పలకల మీద ఎండ పల్చగా ఉంది కాబట్టి చీమలకి ఇంకా బలం చాలడం లేదు. మబ్బు తూర్పుకి జరుగుతోంది. అది తొలిగితే చాలు, తీగ లేస్తుంది.

నవీన్‌కి ఫోన్ కొట్టింది. మోగింది. మోగుతూనే ఉంది. స్తంభం ఎక్కేటప్పుడు ఫోను బండి సంచిలో పెట్టడం వాడి అలవాటు. సూపర్‌వైజర్ నంబరు బిజీ. సబ్‌స్టేషన్‌కి చెప్పి లాభం లేదు, వాళ్ళు ఆపాల్సింది ఎప్పుడో ఆపేశారు. ఈ కరెంటు వచ్చేది అక్కడి నుంచి కాదు. తోటల నుంచి. ప్రతి తోట నుంచి. ఒక్కో తోటకీ పరిగెత్తి చెప్పాలంటే ఈ జన్మ చాలదు.

మంచె వైపు చూసింది.

పరిగెత్తబోతే ఎదురుగా సుప్రజ. చేతిలో పిస్టల్. ఆడవాళ్ళ పర్సులో పట్టేంత ముద్దుగా ఉంది.

"ఎక్కడికి?"

"డబ్బా కొట్టడానికి."

సుప్రజ నిజంగానే నవ్వింది. "కొడితే ఏమవుతుంది? కోతులు పారిపోతాయి. నీకు అర్థం కావడం లేదు. దీనికి స్విచ్ లేదు. ఆపడానికి మనిషి లేడు. నన్ను చంపినా ఆగదు. నేను కూడా ఆపలేను. డిజైనే అది."

"ఎంత అందంగా చెప్పావ్."

ఆ మాట అంటూనే రాజ్యలక్ష్మి చిక్కం ఎత్తింది. చిటారుకొమ్మ కాయకి వల తొడిగినట్టే సుప్రజ మణికట్టుకి తొడిగి, అదే విసురులో మెలిపెట్టి గుంజింది. కాయ కోసే గుంజుడు. కత్తి తెల్ల చొక్కా చెయ్యి చీరేసింది. తుపాకీ పేలి, గుండు కవరు తొడిగిన కాయలోకి దిగింది. పిస్టల్ వలలో పడింది. సుప్రజ మట్టిలో పడింది.

"పిన్నీ, ఈమెని పట్టుకో."

సవరమ్మ ఎందుకని అడగలేదు. నిచ్చెన దిగి సుప్రజ మీద కూర్చుంది. మగ్దలేనమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "కదలకమ్మా, చొక్కా మాసిపోద్ది," అంది.

రాజ్యలక్ష్మి మంచె ఎక్కి తులసమ్మ చేతిలో కర్ర లాక్కుంది.

"కోతులు పోయాయమ్మాయ్."

"కోతులు కాదు."

కొట్టడం మొదలుపెట్టింది. ఆపకుండా. ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వకుండా. డబడబడబడబ అని ఒకటే మోత. తులసమ్మ మొహంలో రంగు పోయింది. ఇంక ప్రశ్న లేదు. కొంగు బిగించి హనుమయ్య గారిని కేకేసింది. ఆయన అప్పటికే గట్టు మీద పరిగెడుతున్నారు, పంచె ఒక చేత్తో పట్టుకుని. ఆయన వయసుకి అది పరుగు కాదు, దొర్లడం.

ఒక్క క్షణం కొండంతా మౌనంగా ఉంది.

ఆ తర్వాత పక్క తోటలో డబ్బా మోగింది. ఆపకుండా.

దాని అవతల ఇంకోటి. దాని అవతల ఇనప పళ్ళెం. ఇంకెక్కడో ట్రాక్టర్ బానెట్ మీద రాయితో కొడుతున్నారు. మోత రెడ్డిగూడెం వైపు పాకింది, కొండ చుట్టి విస్సన్నపేట వైపు తిరిగింది. ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఎవరూ నాయకుడిని అడగలేదు. కూలీలు, కాపులు, కాపలావాళ్ళు, కాయలు కొనడానికి వచ్చిన బేరగాళ్ళు, ఎవరు దగ్గరుంటే వాళ్ళు ఫ్యూజుల మీద పడ్డారు.

రాజ్యలక్ష్మి ఒక చేత్తో కొడుతూనే ఇంకో చేతిలో ఫోన్ చూస్తోంది. పసుపు చుక్కలు ఒకవైపు పుడుతున్నాయి. ఇంకోవైపు చస్తున్నాయి. హనుమయ్య గారిది చచ్చింది. ఆ పక్కవి మూడు ఒక్కసారే చచ్చాయి. చీమలు తెలివైనవి, ఒక బాట తెగితే పక్క నుంచి దారి వెతుకుతున్నాయి. కానీ వాటికి పెట్టెల భాషే తెలుసు. ఏ పెట్టెకీ చెవి లేదు. నూనెడబ్బా మోత వాటి లెక్కలోకి రాదు.

మబ్బు అంచు వెలిగింది.

చుక్కలు తగ్గుతున్నాయి. ఉత్తరం వైపు మొత్తం చీకటి. విస్సన్నపేట రోడ్డు వెంట మాత్రం ఒక గుంపు మిగిలింది. అది కూడా ఒక్కొక్కటే రాలిపోతోంది. ఆఖరికి ఒకే ఒక్క పసుపు చుక్క. కౌలుకిచ్చేసి యజమాని ఊళ్ళో లేని తోట, కౌలుదారూ ఆ పూట రాలేదు. మనిషి లేడు. అక్కడ ఫ్యూజు పీకేవాడు లేడు. నవీన్ బ్యాచ్ స్తంభాలున్నది సరిగ్గా ఆ తోట ముందు.

మొత్తం ఫీడర్‌ని లేపడానికి ఒక చుక్క చాలదు. ఆ నాలుగు స్తంభాల తీగకి మాత్రం చాలు.

మబ్బు తొలిగింది. ఎండ తోట మీద విరుచుకుపడింది.

పసుపు చుక్క ఎర్రబడింది.

రాజ్యలక్ష్మి కొట్టడం ఆపలేదు. చెయ్యి ఆమె మాట వినడం మానేసింది. ఎర్ర చుక్క వైపే చూస్తోంది. రెప్ప వేస్తే వాడు చచ్చిపోతాడన్నట్టు చూస్తోంది.

చుక్క ఆరింది.

ఎందుకు ఆరిందో ఫోన్ చెప్పదు. ఫ్యూజు పీకినా ఆరుతుంది. తీగ మీద మనిషి కాలిపోయి పెట్టె పేలినా ఆరుతుంది.

*

చాలాసేపటికి ఫోన్ మోగింది.

"అక్కా, ఏంటి అన్నిసార్లు చేశావ్? అమ్మకి బాగానే ఉందా?"

ఆమె అప్పటికి కర్ర కింద పెట్టింది.

"అక్కా?"

"బాగానే ఉంది. నువ్వెక్కడున్నావ్?"

"విస్సన్నపేట రోడ్డులో. ఇక్కడ డబ్బాలు మోగాయి. ఎవరికో పట్టింది పాపం, ఎవరో తెలీలేదు. మేమందరం దిగేశాం. ఈ కౌలు తోటలో ఎవరూ లేరని నేనే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి ఉరికాను." నవీన్ గొంతు తగ్గింది. "నేను ఫ్యూజు అందుకునే లోపు కోతొకటి మా స్తంభం ఎక్కింది అక్కా. నేనున్న చోటే. రెండు తీగలు పట్టుకుంది. లైను చచ్చిందిగా, ఏం కాదులే అనుకున్నా. పేలిపోయింది. నా కళ్ళముందే. లైను చచ్చింది అక్కా. చచ్చిన లైను మీద కోతి ఎట్టా చస్తుంది?"

"మళ్ళీ ఎక్కమాక."

"ఎక్కను. ఇంతకీ ఎవరికి పట్టిందంట? బతికాడా?"

రాజ్యలక్ష్మి మంచె మీద కూర్చుండిపోయింది.

"బతికాడు," అంది.

హనుమయ్య గారి అరచేయి కాలింది. కరెంటు నడుస్తుండగా పీకితే నిప్పులు లేచాయి. తులసమ్మ మజ్జిగ పోస్తుంటే ఆయన విసుక్కుంటున్నారు. "చెయ్యి సంగతి సరే, ఎవరికి పట్టిందో కనుక్కోండి ముందు." రాజ్యలక్ష్మి ఆయనకి అదే జవాబు చెప్పింది.

ఆ సాయంత్రం ఆమె చేసిన ఒక పని రిపోర్టులో లేదు. కాంట్రాక్టరు స్టోరుకి వెళ్ళి తాళం రాయితో పగలగొట్టింది. ఎర్త్ రాడ్లు బయటికి ఈడ్చి, లైన్‌మెన్ బళ్ళకి కట్టించింది. కాంట్రాక్టరు ఎవరు నువ్వు అని అరిచాడు. కోల్డ్ స్టోరేజీ గుమాస్తాని అంది.

*

బెజవాడ వెనక గదిలో సుప్రజ చిరిగిన చొక్కాతో కూర్చుని ఉంది. కళ్ళద్దాలు లేవు. అవి లేకపోతే ఎవరింట్లోనో పెద్దకూతురిలా ఉంది.

"ఎవరు చెప్పారు నీకు?" రాజ్యలక్ష్మి అడిగింది.

"ఒక నంబరు నుంచి లొకేషన్ వచ్చింది. ఇంకో నంబరు నుంచి డ్రైవ్ వచ్చింది. ఎవరి మొహమూ చూళ్ళేదు. నా పక్కవాళ్ళు వదిలిన గుర్తు పట్టుకుని నేను నడిచాను. నా తర్వాత వాళ్ళకి నేను గుర్తు వదిలాను."

"ఎవరి కోసం చంపుతున్నావో తెలీకుండానే?"

సుప్రజ తల ఎత్తి చీఫ్ వైపు ఒకసారి, రాజ్యలక్ష్మి వైపు ఒకసారి చూసింది. "మీ పైనున్నదెవరో మీకు తెలుసా?"

చీఫ్ అరవింద్ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

సిగ్నేచర్ దొరికింది. ఆ బెల్టులో పెట్టెలన్నీ విప్పేశారు. ఎవరూ నడవని బాట ఆరిపోయింది. కానీ ఆ పెట్టెలు ఇక్కడే అమ్మలేదు. గోదావరి అవతలా ఉన్నాయి, పక్క రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పచ్చ లైటు వేసుకుని, ఎండ పంచుకుంటూ, లైను ఎప్పుడు చస్తుందా అని ఎదురుచూస్తున్నాయి. వాటి మధ్య డబ్బాలు మోగే తోటలు లేవు.

పైవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. విచారణ వేశారు. చీమల మీద కాదు, ఫ్యూజులు పీకినవాళ్ళ మీద. అనుమతి లేకుండా ఒక ఫీడర్ మొత్తాన్ని ఒకేసారి తెంచారంటే వెనక ఏదో పెద్ద సంస్థ ఉండాలని, దానికి ఒక నాయకుడు ఉండాలని తేల్చారు. ఒక అధికారి జీపేసుకుని హనుమయ్య గారి తోటకి వచ్చాడు.

"మిమ్మల్ని ఫ్యూజు పీకమన్నదెవరు?"

"డబ్బా మోగిందండీ," అన్నారు హనుమయ్య గారు, కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ.

"అవతలి తోట వాళ్ళకి ఎవరు చెప్పారు?"

"వాళ్ళకీ డబ్బా మోగిందండీ. వెళ్ళి అడగండి."

అధికారి అవతలి తోటకి వెళ్ళాడు. వాళ్ళు దాని అవతలి తోట చూపించారు. ఆయన జీపు నిన్నటికి విస్సన్నపేట దాటిందట. నాయకుడి కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.